ఎదురుగాలిలో సైకిలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, 'విదేశాల్లో నీ అనుభవాలు చెప్పు' అన్నారు. ఇలాంటి సభల్లో విదేశీ అనుభవాలు ఎలా ఉంటాయో మనందరం విని ఉన్నాం. అక్కడ రోడ్లు అద్దాల్లా ఉంటాయి, మనుషులు క్యూలో నిలబడతారు, మనం ఎప్పటికి బాగుపడతామో. ఆ ప్రసంగం నేను చెయ్యను. పదకొండు చలికాలాలు నేను కోపెన్‌హాగన్‌లో సైకిలు మీద ఆఫీసుకి వెళ్ళివచ్చాను. దాని గురించి మాత్రమే చెబుతాను. దానికీ, రేపటి మన సర్వసభ్య సమావేశానికీ ఒక సంబంధం ఉంది. అది చివర్లో.

ముందు దారి చెప్పాలి. నేనున్నది బ్రోన్స్‌హోయ్ అనే పేట. ఊరికి వాయవ్యంగా, కాస్త మెరక మీద ఉంటుంది. అక్కడినించి నడిబొడ్డుకి 6 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున్న పల్లానికి దిగుతూ నోరబ్రో స్టేషను కింద నించి వెళితే, నోరబ్రోగేడ్ అనే పెద్ద వీధి వస్తుంది. కుడి పక్కన పొడుగాటి పసుప్పచ్చ గోడ. ఆ గోడ వెనక అసిస్టెన్స్ శ్మశానం. పిల్లల కథలు రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ సమాధి అందులోనే ఉంది. మన ఫిజిక్స్ మాస్టారు పరమాణు నిర్మాణం చెప్పేటప్పుడు బోర్డు మీద వలయాలు గీసేవారు కదా, ఆ నీల్స్ బోర్ సమాధి కూడా అందులోనే. రోజూ ఆయన్ని దాటుకుంటూ ఆఫీసుకి వెళ్ళాను మాస్టారూ! ఇంతకంటే గొప్పగా ఫిజిక్స్‌కి నేను చేసిందేమీ లేదు.

ఆ గోడ దాటాక కొంత దూరంలో చెరువుల మీద క్వీన్ లూయిస్ వంతెన. అసలు కథ అక్కడ. ఊరి మధ్య చెరువులు వరసగా, నైరుతి నించి ఈశాన్యానికి, ఒక కాలవలా పరుచుకుని ఉంటాయి. అక్కడి గాలి ఎక్కువగా పడమరనించో నైరుతినించో వీస్తుంది. చెరువుల పొడుగునా అడ్డం లేకుండా వచ్చి వంతెన మీద పక్కనించి కొడుతుంది. హ్యాండిలు రెండు చేతులా బిగించి పట్టుకోకపోతే పక్కవాడి మీద పడతాం. పక్కవాడు ఎప్పుడూ ఉంటాడు మరి. సైకిళ్ళ రద్దీ బాగా ఎక్కువగా ఉండే చోట్లలో అదొకటి.

డెన్మార్క్ మొత్తంలో ఎత్తైన చోటు 171 మీటర్లు. కొండ అన్నమాట లేదు. చుట్టూ సముద్రం. గాలికి అడ్డేముంటుంది? వాళ్ళ కరెంటులో సగం దాకా గాలిమరలే ఇస్తున్నాయంటే ఊహించుకోండి. ఆ గాలినే ఎదుర్కొంటూ నేను సాయంత్రం ఇంటికి రావాలి. పొద్దున్న పల్లం, వెనకనించి గాలి. సాయంత్రం మెరక, ఎదురుగాలి. పగలంతా పనిచేసి అలిసిపోయినవాడికే రెండూ.

ఎదురుగాలి ఎంత బరువో ఒక లెక్క చెబుతాను. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని పదో తరగతిలో వల్లె వేశాం. గాలి కదలని రోజు గంటకి 18 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నామనుకోండి, ముఖానికి తగిలే గాలి వేగం కూడా 18. ఎదురుగా 36 కిలోమీటర్ల గాలి వీస్తుంటే అదే వేగంతో వెళ్ళాలన్నా ముఖానికి తగిలేది 54. మూడు రెట్లు. నిరోధం తొమ్మిది రెట్లు. కాళ్ళు ఒప్పుకోవు. అందుకని అక్కడ తలపండినవాళ్ళు గాలితో పోటీ పడరు. గేరు తగ్గించి, నడుం కాస్త వంచి, నడకకంటే కొంచెం జోరుగా, అలాగే తొక్కుతూ పోతారు. పాతికేళ్ళ కుర్రాళ్ళు లేచి నిలబడి తొక్కి, రెండు సిగ్నళ్ళు దాటేసరికి ఆయాసపడుతుంటే, డెబ్భై ఏళ్ళ ముసలమ్మ ముందు బుట్టలో కూరగాయలు పెట్టుకుని వాళ్ళని దాటిపోతుంది. ఇది నేను చాలాసార్లు చూశాను. కుర్రాళ్ళలో ఒకణ్ణయి కూడా చూశాను.

ఇక చలి. కోపెన్‌హాగన్‌లో చలి మరీ ఘోరమేమీ కాదు. జనవరిలో సగటున సున్నాకి కాస్త అటూ ఇటూ. కానీ ఆ సున్నాకి గాలి తోడైతే సంగతి మారిపోతుంది. గంటకి 30 కిలోమీటర్ల గాలిలో సున్నా డిగ్రీలు ఒంటికి మైనస్ 6 లా తగులుతుంది. ఒంటికే సుమా, సైకిలుకి కాదు. ఇనుము గాలికంటే చల్లబడదు. వెచ్చగా ఉన్న మన చర్మం నించే గాలి వేడిని లాక్కుపోతుంది. పైగా చీకటి. డిసెంబరు చివర్లో సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక వచ్చి, నాలుగు కాకుండానే వెళ్ళిపోతాడు. అంటే ఆఫీసుకి వెళ్ళేదీ చీకట్లోనే, వచ్చేదీ చీకట్లోనే.

దుస్తుల గురించి అందరూ అడుగుతారు గనక చెబుతాను. ఒక లావుపాటి కోటు కంటే మూడు పల్చటి పొరలు మేలు. లోపల ఉన్ని, పైన గాలి దూరనిది. చేతికి అయిదు వేళ్ళ గ్లౌజుల కంటే బొటనవేలొక్కటే విడిగా ఉండేవి వెచ్చగా ఉంటాయి, వేళ్ళు ఒకదాన్నొకటి కాచుకుంటాయి. చెవులు కప్పుకోవాలి. ఇంట్లోంచి బయటికి వచ్చినప్పుడు కాస్త వణుకు పుట్టాలి. వెచ్చగా బయలుదేరితే పదినిమిషాల్లో చెమట పడుతుంది, ఆ చెమట ఆఫీసు చేరేసరికి చల్లారి పిండుతుంది. మా అమ్మ ఫోనులో 'రెండు స్వెట్టర్లు వేసుకున్నావా' అని అడిగితే, వేసుకోకపోయినా వేసుకున్నాననే చెప్పేవాణ్ణి. అది ఆవిడకి వివరించే విషయం కాదు.

మన తెలుగులో ఒక చిక్కుంది. పొద్దున్న గడ్డి మీద ఉండేదీ మంచే, దారి కనపడనివ్వనిదీ మంచే, ఆకాశంనించి రాలేదీ మంచే, గడ్డకట్టి నేలకి అంటుకునేదీ మంచే. తెలుగు మాస్టారు ఊరుకోరు, నీహారం, తుషారం, హిమం, తుహినం అని నాలుగు పర్యాయపదాలు చెబుతారు. సైకిలు తొక్కేవాడికి వాటి మధ్య తేడా ప్రాణానికి సంబంధించినది. కొత్తగా రాలిన హిమం మీద నెమ్మదిగా పోవచ్చు, టైరు కాస్త పట్టుకుంటుంది. మైనస్ 10 లో కూడా పొడిగా ఉంటే భయంలేదు. భయమల్లా సున్నా దగ్గరే. మధ్యాహ్నం కరిగి, సాయంత్రం మళ్ళీ గడ్డకట్టి, తారు మీద కంటికి కనపడని గాజుపొరలా అవుతుంది. దాని మీద ముందు బ్రేకు నొక్కకూడదు, హ్యాండిలు తిప్పకూడదు, తొక్కడం ఆపి నిటారుగా దాటిపోవాలి. టైర్లలో గాలి కొంచెం తగ్గించుకోవాలి. కాళ్ళు నేలకి అందేలా సీటు దించుకోవాలి. కొందరు చిన్నచిన్న ఇనప మేకులు గుచ్చిన టైర్లు వేయించుకుంటారు. అక్కడ చాలా సైకిళ్ళకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది. కేబులు లోపల నీళ్ళు గడ్డకట్టినా అది పనిచేస్తుంది. తాళంకప్ప గడ్డకడితే వేడినీళ్ళు పోయకూడదు, ఆ నీళ్ళే మళ్ళీ గడ్డకడతాయి. రోడ్డు మీద చల్లిన ఉప్పు చైనుని తినేస్తుంది గనక వారానికోసారి తుడిచి నూనె వెయ్యాలి. సైకిలు షాపులో మనం గాలి కొట్టించుకుంటూ నేర్చుకున్న విద్యలో సగం అక్కడా పనికొచ్చింది.

ఇంతా చెప్పి, ఆ జనం అంత కష్టపడి ఎందుకు తొక్కుతారన్నది చెప్పకపోతే ఎలా? ఆ దేశాల్లో ఒక మాట ఉంది, చెడ్డ వాతావరణం అంటూ లేదు, చెడ్డ దుస్తులే ఉన్నాయని. వినడానికి బాగుంటుంది. నా లెక్కలో అది సగమే నిజం. దుస్తులు నేను కొనుక్కోగలను. దారి కొనుక్కోలేను.

2010 డిసెంబరు అక్కడివాళ్ళు కూడా చాలాకాలం చెప్పుకున్న చలి. రాత్రంతా మంచు కురిసింది. తెల్లవారుజామున ఏదో చప్పుడైతే కిటికీలోంచి చూశాను. చిన్న ట్రాక్టరు లాంటి బండి, ముందు గుండ్రంగా తిరిగే పెద్ద బ్రష్షు, వెనక ఉప్పు తొట్టి. కార్ల రోడ్డు ఇంకా తెల్లగానే ఉంది. ఆ బండి వెళుతున్నది సైకిలు దారిలో. ముఖ్యమైన సైకిలు దారులు మొదటి విడతలోనే ఊడ్చాలని ఆ నగరపాలక సంస్థ పద్ధతి. నేను ఏడున్నరకి బయటికి వచ్చేసరికి నల్లటి తారు కనపడుతోంది, దాని మీద ఎర్ర లైట్లు వరసగా వెళుతున్నాయి. ఆ రోజు నాకు ధైర్యసాహసాలు ఏమీ అవసరం రాలేదు. దారి ఉంది, వెళ్ళాను.

ఆ దారి కూడా రోడ్డు మీద తెల్లగీత గీసి వదిలేసింది కాదు. కార్ల రోడ్డుకంటే ఒక మెట్టు ఎత్తు, కాలిబాటకంటే ఒక మెట్టు పల్లం. కారు ఎక్కాలంటే అంచు తగులుతుంది. నోరబ్రోగేడ్‌లో సిగ్నళ్ళని పొద్దున్నపూట గంటకి 20 కిలోమీటర్ల వేగంతో ఊళ్ళోకి వెళ్ళే సైకిలుకి వరసగా పచ్చదీపాలు పడేలా అమర్చారు. సాయంత్రం బయటికి వచ్చేవాళ్ళకి అలాగే. చలిగాలిలో ఆగడమే నరకం కదా, అందుకే అది ఎంత ఉపకారమో తొక్కినవాడికే తెలుస్తుంది. చీకటి పడితే ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం లేకుండా తొక్కడం నేరం, జరిమానా ఉంటుంది. ఆగే ముందు చెయ్యి పైకెత్తుతారు, వెనకవాడు చూసుకుంటాడు. పిల్లల్ని ముందు పెట్టెలో కూర్చోబెట్టి తీసుకెళ్ళే మూడు చక్రాల సైకిళ్ళుంటాయి, మన రిక్షాని వెనకది ముందుకి తిప్పినట్టు. వానకి, గాలికి పైన గుడారం. అందులో ఇద్దరు పిల్లలు టోపీలు పెట్టుకుని నిద్రపోతూ నర్సరీ బడికి వెళ్ళిపోతుంటారు.

పర్యావరణం మీద ప్రేమతో తొక్కుతారనుకోకండి. నగరం వాళ్ళు సర్వేలు చేసినప్పుడల్లా ఎక్కువమంది చెప్పేది ఒకటే: త్వరగా చేరతాం, సులువుగా ఉంటుంది. పర్యావరణం అన్నవాళ్ళు కొద్దిమందే. ఇది వాళ్ళ రక్తంలో ఉన్నదీ కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చేతిలో డబ్బాడి అందరూ కార్లు కొన్నారు. 1960ల్లో సైకిళ్ళు బాగా తగ్గిపోయి, ఊరంతా కార్లయింది. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. పెట్రోలు పొదుపుకని ఆ చలికాలంలో ఆదివారాలు కార్లు నిషేధించారు. ఆ తర్వాత జనం వేలాదిగా సైకిళ్ళ మీద ఊరేగింపులు తీసి, మాకు దారి కావాలని అడిగారు. అడగ్గా అడగ్గా వేశారు. అంటే ఒక తరం పోగొట్టుకున్నది ఇంకో తరం కొట్లాడి తెచ్చుకుంది.

వెళ్ళకూడని రోజులూ ఉన్నాయి. 2013 డిసెంబరులో బోడిల్ అనే తుఫాను వచ్చినప్పుడు రేవులో నీళ్ళు పైకొచ్చాయి, నేను ఇంట్లో కూర్చున్నాను. వాళ్ళు తుఫానుకి మనిషి పేరు పెడతారు. మనవైపు అప్పట్లో సంవత్సరమే పేరు: 77 తుఫాను, 96 తుఫాను. ఆ రెంటినీ చూసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు గనక ఆ గాలి గురించి నేను ఎక్కువ మాట్లాడను.

ఒకసారి ఫిబ్రవరిలో పనిమీద ఫిన్లండ్‌లో ఔలు అనే ఊరికి వెళ్ళాను. ఆర్కిటిక్ వృత్తానికి ఇవతల నూట డెబ్భై కిలోమీటర్లు ఉంటుందేమో. మైనస్ 20కి దగ్గర్లో ఉంది. ఒక బడి ముందు ఆగి చూశాను. గోడవార మంచులో సైకిళ్ళు వరసలు వరసలుగా. తొమ్మిది పదేళ్ళ పిల్లలవి. చలికాలపు సైకిలు మీద మొదటి అంతర్జాతీయ మహాసభ 2013లో ఆ ఊళ్ళోనే జరిగింది. అక్కడ మంచుని పూర్తిగా గీకెయ్యరు, చదునుగా అణగదొక్కి గరుకుగా ఉంచుతారు. పిల్లలకి దారి కార్ల రోడ్డుతో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది, రోడ్డు అడ్డొచ్చినచోట కిందనించి సొరంగంలో దాటుతారు. ఆ సైకిళ్ళు చూస్తూ నిలబడితే నాకు గుర్తొచ్చింది మన బడి సైకిలు స్టాండు.

ఈ సభలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. స్టాండు నిండిపోయి, చింతచెట్టు చుట్టూ, అక్కడా పట్టక హెడ్‌మాస్టారి గది కిటికీ దాకా సైకిళ్ళు ఉండేవి. సీటు అందక ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కుకుంటూ లాకుల మీదుగా వచ్చినవాళ్ళం మనం. ముందు కడ్డీ మీద ఒకణ్ణి, కేరియరు మీద ఒకణ్ణి ఎక్కించుకుని వచ్చిన అన్నలు ఇక్కడున్నారు. ధనుర్మాసం మంచులో బెల్లు కొట్టుకుంటూ కాలవగట్టు మీద వచ్చేవాళ్ళం. గట్టు మీద ఎదురుపడితే ఎడ్లబండి, లేకపోతే ఇంకో సైకిలు.

పోయిన వారం, సంక్రాంతి సెలవులు ఇవ్వకముందు, రెండు రోజులు పొద్దున్నే లాకుల దగ్గర నిలబడ్డాను. స్టాండుకి రేకులు లేవు, అది వేరే సంగతి. సైకిళ్ళే లేవు. వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆటోలో పదిమంది, తండ్రి బండిమీద ముగ్గురు, మిగతావాళ్ళు ప్రైవేటు బడి బస్సుల్లో వేరే బళ్ళకి. నడిచి వస్తున్న ఒక ఎనిమిదో తరగతి అమ్మాయిని అడిగాను, 'సైకిలు లేదామ్మా?' 'ఉందండి. అమ్మ తియ్యద్దంటుందండి. లారీలండి.' ఆ పిల్ల చలి అనలేదు. దూరం అనలేదు. నేను అక్కడ నిలబడ్డ అరగంటలో ఇసక టిప్పర్లూ, చేపల లారీలూ మంచులో లైట్లు వేసుకుని ఆ గట్టు రోడ్డు మీద ఎలా వెళ్ళాయో చూశాను. ఆ తల్లి చెప్పింది న్యాయమే. నా కూతురైనా నేనూ అదే మాట అంటాను.

రేపు పది గంటలకి సర్వసభ్య సమావేశం. ఎజెండాలో నాలుగో అంశం స్వర్ణోత్సవ స్వాగత తోరణం. నమూనా చూశాను, బాగుంది. దాతల పేర్లకి పాలరాతి పలకలు కూడా ఉన్నాయి. వద్దనడం లేదు. ఎత్తు కాస్త తగ్గించండి, పేర్లు కాస్త చిన్న అక్షరాల్లో చెక్కించండి అంటున్నాను. మిగిలిన దాంతో చెయ్యాల్సింది ఒకటుంది.

మన కాలవకి రెండు గట్లున్నాయి. రోడ్డున్నది ఒక గట్టు మీద. అవతలి గట్టు మీద లారీ రాదు, రాలేదు. తుమ్మచెట్లు మొలిచి, వానలకి కోసుకుపోయి ఉంది గానీ వంతెన దగ్గరనించి లాకుల దాకా తెగకుండా ఉంది, నడిచి చూశాను. రెండున్నర కిలోమీటర్లు. లాకుల మీద నడకదారి ఎలాగూ ఉంది, దాటితే మన బడి వెనక గేటు. ముళ్ళు కొట్టించి, గుంటలు పూడ్చి, గ్రావెలు పోసి తొక్కిస్తే చాలు. గట్టు ఇరిగేషను వాళ్ళది, అనుమతి కావాలి. ఆ శాఖలోనే పనిచేసి రిటైరైన అన్నయ్య ఒకాయన మూడో వరసలో కూర్చున్నారు, దరఖాస్తు రాసి పెడతానన్నారు. ఒప్పుకోవాలన్న హామీ ఏమీ లేదు. అడగాలి.

అయితే దారి వెయ్యడం కంటే దాన్ని ఏటా బాగుచేయించడమే అసలు పని. కోపెన్‌హాగన్‌లో ఆ దారి ఎంత బాగా కట్టినా, తెల్లవారకముందు ఆ బ్రష్షు బండి రాకపోతే డిసెంబరులో అది ఎవరికీ పనికిరాదు. మన గ్రావెలు కూడా మొదటి ఏడాది వానలకే కోసుకుపోతుంది. కాబట్టి ఉన్న డబ్బంతా ఒకేసారి ఖర్చుపెట్టకుండా, కొంత బ్యాంకులో వేసి, ప్రతి ఏడూ వానాకాలం పోయాక ఆ వడ్డీతో బాగుచేయించాలి. దానికి ఇద్దరు బాధ్యులు కావాలి, ఊళ్ళో ఉండేవాళ్ళు. నాలాంటి చుట్టపుచూపు వాళ్ళు కాదు. సైకిలున్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ముందొక దీపం, వెనకొక ఎర్రదీపం, చక్రాలకి మెరిసే బిళ్ళలు కొనివ్వడం నా బ్యాచి వాళ్ళం మీదేసుకున్నాం. అది తీర్మానంలో రాయక్కర్లేదు.

ఓటు వేసే ముందు అవతలి గట్టు చూడాలనుకున్నవాళ్ళ కోసం రేపు ఉదయం ఆరున్నరకి లాకుల దగ్గర ఉంటాను. ఆరు సైకిళ్ళు అద్దెకి చెప్పి ఉంచాను, ఒకదానికి మాత్రం బ్రేకులు అంతంతమాత్రం, అది నేను తీసుకుంటాను. మంచు ఉంటుంది. మఫ్లర్లు తెచ్చుకోండి.